పేరు చెక్కిన రాయి

ఊది ఊది నలోంగో కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. కట్టెలవాడు మళ్లీ పచ్చి దుంగలే పడేసి పోయాడు. ఎండినవి తెమ్మని మొన్నా చెప్పింది, నిన్నా చెప్పింది. ఎండినవాటికి వాడు ఎక్కువ అడుగుతాడు, పాస్టరు ఇవ్వనంటాడు. వాళ్లిద్దరి బేరం వాళ్లిద్దరికీ బాగానే ఉంది. పొగ మింగేది మాత్రం నలోంగో.

అనాథ పిల్లల హోమ్ వంటింట్లో మూడు పొయ్యిలు. ఒకదాని మీద పిల్లలకి మొక్కజొన్న సంకటి, పక్కనే చిక్కుడు గింజల పులుసు. అది రోజూ ఉండే తిండే. రెండో దాని మీద అరటాకుల్లో చుట్టి ఆవిరికి పెట్టిన పచ్చి అరటికాయలు, మూడో దాని మీద వేరుశనగ పులుసులో ఉడుకుతున్న కోడి. ఆ రెండూ దొరల కోసం. హాలండ్ దేశపు చర్చి ఒకటి ఏటా జనవరిలో ఓ గుంపుని మా మసాకా వైపు పంపిస్తుంది. వాళ్లు దిక్కులేని పిల్లలకి సేవ చెయ్యడానికి వస్తారు. ఈ ఏడాది సేవ గోడకి నీలం రంగు వెయ్యడం. పోయిన ఏడాది అదే గోడకి పసుపు రంగు వేశారు. ఊళ్లో రంగులు వేసే అన్నదమ్ములిద్దరు నీడన కూచుని, కారిన చారలు చూస్తూ నవ్వుకుంటున్నారు. దొరలు విమానం ఎక్కాక ఆ చారలు సరిచేసే పని వాళ్లదే.

మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. కిజ్జా వంతు వచ్చింది. పదమూడేళ్ల పిల్ల, పొడుగు మెడ, తల్లి పోలికే. పళ్లెం ముందుకి చాపింది.

"చిన్నమ్మా, ఇంకాస్త పులుసు వెయ్యి."

నలోంగో చేతిలో గరిటె ఆగింది. రెండేళ్లుగా వింటున్నా ఆ పిలుపు ఇంకా చెవికి ఎక్కలేదు. పులుసు పోసింది, గింజలు కొంచెం ఎక్కువే పోసింది. పిల్ల కళ్లెత్తకుండా వెళ్లిపోయింది.

కిజ్జా నలోంగో కన్న కూతురు. మా వైపు కవలల్ని కన్న ఆడదాన్ని పేరు పెట్టి పిలవరు, నలోంగో అంటారు. కవలల తరవాత పుట్టిన బిడ్డ ఎవరైనా కిజ్జాయే. అంటే ఆ పిల్ల పేరు వినగానే తల్లి ఎవరో మాలో ఎవరైనా చెప్పేస్తారు. దొరలకి ఆ సంగతి తెలీదు. వాళ్లకి తెలిసిందల్లా పాస్టరు ముట్యాబా చెప్పిందే. ఆయన చెప్పింది ఏంటంటే, కిజ్జా తండ్రి అరటిగెలల లారీ బోల్తాపడి పోయాడని, తల్లి జబ్బుతో పోయిందని, వంటమనిషి ఆ తల్లికి చెల్లెలని. మొదటిది నిజం. ఆ ఒక్క నిజం పక్కన రెండు అబద్ధాలు హాయిగా బతికేస్తున్నాయి.

ఇది కిజ్జా ఒక్కదాని కథ కాదు. ఆ హోమ్‌లో తల్లీ తండ్రీ ఇద్దరూ లేనివాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్ల తల్లులు కేక వేస్తే వినపడేంత దూరంలోనే ఉన్నారు. కలుపు తీస్తున్నారు, రోడ్డు పక్క టమాటాలు అమ్ముతున్నారు. పేదపిల్ల అంటే సముద్రం అవతల ఎవరి గుండె కరగదు, అనాథ అంటే కరుగుతుంది. ఈ సంగతి పాస్టరుకి తెలుసు, తల్లులకీ తెలుసు. అందుకే దొరలు ఉన్న రెండు వారాలూ మా ఊళ్లో చాలామంది తల్లులు చచ్చిపోయి ఉంటారు.

వడ్డన అయ్యాక పాస్టరు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. పొగ తగలకుండా ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు. మనిషి చెడ్డవాడని చెప్పలేను. పిల్లలు ఆకలితో పడుకున్న రోజున తనూ తినకుండా పడుకున్న మనిషే. కానీ దొరల మెప్పు రుచి మరిగాక, ఏ అబద్ధమైనా పిల్లల కోసమే కదా అనే ధైర్యం వచ్చేసింది ఆయనకి.

"స్తోత్రం నలోంగో. రేపు పొద్దున సిస్టర్ హెండ్రికా మీ తోటకి వస్తోంది."

"మా తోటలో ఏముందయ్యగారూ?"

"సమాధి చూస్తుందంట."

"మా ఆయన సమాధా?"

పాస్టరు కోడి గిన్నె వైపు చూశాడు. మూత తీసి వాసన చూసి మళ్లీ మూత పెట్టాడు.

"మీ ఆయనది కాదు. నీది."

నలోంగోకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో గరిటె నేల మీద పెట్టేసింది.

హెండ్రికా అంటే కిజ్జా చదువు ఖర్చు భరిస్తున్న దొరసాని. అరవై దాటిన మనిషి. నవ్వితే చెంపలు ఎర్రగా అయిపోతాయి. వచ్చిన రోజే వంటింట్లోకి దూరి నలోంగోని గట్టిగా కావలించుకుని, ఏదో చెప్పి కళ్లు తుడుచుకుంది. పోయిన క్రిస్మస్‌కి ముందు వాళ్లమ్మ చనిపోయిందట. తల్లి సమాధి దగ్గర నిలబడ్డప్పుడు ఆవిడకి కిజ్జా గుర్తొచ్చిందట. ఆ పిల్ల తల్లికి కనీసం పేరు చెక్కిన రాయన్నా ఉందో లేదో అనుకుందట. వాళ్ల తమ్ముడు రాళ్లు చెక్కే పనివాడు. నల్లరాయి పలక మీద పేరు చెక్కించి, స్వెట్టర్లలో చుట్టి, తన బట్టలు సగం ఇంట్లోనే వదిలేసి ఆ బరువు మోసుకొచ్చింది.

"పేరు ఎవరు చెప్పారండీ ఆవిడకి?"

"నేనే. ఫోన్ చేసి తల్లి పేరేంటని అడిగింది. నోటికి వచ్చింది చెప్పా. రాయి చెక్కించుకొస్తుందని కలగన్నానా?"

"నోటికి నా పేరే రావాలా?"

"వచ్చేసింది నలోంగో, ఇప్పుడేం చెయ్యమంటావు? చూడు, పెద్ద పనేం కాదు. తెల్లారేసరికి ఆ రంగులేసే కుర్రాళ్లని పంపిస్తా. తోటలో ఓ మూల మట్టి పోస్తారు. చిలగడ దుంపలకి కుప్పలు పోస్తాం చూడు, అలాంటిదే. కాస్త పొడుగ్గా ఉంటుంది, అంతే. వీళ్లు వెళ్లగానే దాని మీద దుంప తీగ నాటుకో."

"బతికున్నదానికి సమాధి కట్టకూడదండీ. కీడు."

"అన్యుల మాటలు మాట్లాడకు. బాప్తిస్మం పుచ్చుకున్నదానివి. అయినా అబద్ధం ఎక్కడుంది ఇందులో? మనలో తల్లి చెల్లెల్ని చిన్నమ్మ అనరూ? అంటే అమ్మే కదా. పిల్ల నిన్ను అమ్మ అంటూనే ఉంది."

ఇలాంటి తెలివికి ఏ జవాబు చెప్పాలో నలోంగోకి ఎప్పుడూ తోచదు. తోచకపోవడమే ఆమెకి ఒళ్లు మంట. రాత్రి పడుకున్నాక జవాబు తడుతుంది. అప్పుడు ఎదురుగా గోడ తప్ప ఎవరూ ఉండరు.

పాస్టరు గొంతు తగ్గించాడు. "ఇంకో పది రోజుల్లో సెకండరీ బడి తెరుస్తారు. సీటు వచ్చింది. హాస్టలుతో కలిపి టర్ముకి తొమ్మిది లక్షల షిల్లింగులు. సిస్టర్ ఈ వారంలో కడతానంది. నీ జీతం ఎంత?"

ఆ జీతం ఇచ్చేది ఆయనే. నెలకి లక్షా ఇరవై వేలు. అడగాల్సిన పని లేదు. అయినా అడిగాడు. నలోంగో వంగి గరిటె తీసుకుంది. ఆ ఊరుకోవడాన్ని ఆయన ఒప్పుకున్నట్టు జమకట్టుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం వంటింటి వెనక బూడిదతో గిన్నెలు తోముతుంటే కిజ్జా వచ్చి పక్కన కూచుంది. ఓ గిన్నె లాక్కుని తోమడం మొదలుపెట్టింది.

"చిన్నమ్మా..."

"ఇక్కడెవరూ లేరే."

"లేకపోయినా అలాగే పిలుస్తా. అలవాటు తప్పితే అక్కడ నోరు జారుతుంది."

నలోంగో గిన్నె కడిగి బోర్లించింది. కడిగిందే మళ్లీ తీసి కడిగింది.

"రేపు నిన్నేం చెప్పమన్నాడు?"

"'అమ్మా, నువ్వు పరలోకంలోంచి నన్ను చూస్తున్నావు, నేను బాగా చదువుకుంటున్నాను, సిస్టర్ నన్ను చల్లగా చూస్తోంది.' ఇంతే. ఇంగ్లీషులో చెప్పాలి. ఏడుపు వస్తే ఏడవమన్నారు, రాకపోతే తల వంచుకోమన్నారు."

"నీకు ఏమీ అనిపించట్లేదా?"

"అనిపిస్తే ఫీజు కడతారా?" కిజ్జా గిన్నె అడుగు గట్టిగా రుద్దింది. "బబిర్యే అక్కకీ మంచి మార్కులొచ్చాయి. అప్పుడు నీకు ఏదో అనిపించే ఉంటుంది. ఏమైంది? ఇప్పుడు హైవే మీద చపాతీలు కాలుస్తోంది, చంకలో ఒకడు, కడుపులో ఒకడు. నేను కాల్చను. వాళ్లు ఏం చెప్పమంటే అది చెప్తా. మాటే కదా, చెప్తే నువ్వేం చచ్చిపోవుగా."

చెంప మీద కొడదామని చెయ్యి లేచింది. బూడిద చెయ్యి. మళ్లీ నీళ్లలో పెట్టేసింది. పిల్ల చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. పాస్టరు మీద కోపం తెచ్చుకుంటే ఉద్యోగం పోతుంది. దొరసాని మీద తెచ్చుకుందామంటే ఆవిడ ఎంత మంచిదో! తల్లి పోయిన దుఃఖంలో పరాయి పిల్ల తల్లిని తలుచుకున్న మనిషి. ఎవరి మీదా కోపం తీర్చుకోలేకపోయింది. ఆఖరికి గిన్నెనే నేలకేసి కొట్టింది. సొట్ట పడింది. దానికీ రేపు మాట పడాలి.

కిజ్జా లేచి గౌను దులుపుకుంది. రెండడుగులు వేసి ఆగింది.

"మొన్న మనింటి వెనక స్నానాల దడి దగ్గర జారిపడ్డావంట. పక్కింటి ఫెబియా అవ్వ చెప్పింది. అక్కడ రాయి వేయించమని ఎన్నిసార్లు చెప్పా?"

"గుట్ట మీంచి రాయి ఎవరు మోసుకొస్తారే? మోసేవాడికి డబ్బెవరిస్తారు?"

"ఆ బురదలోనే పడు అయితే," అని విసురుగా అని వెళ్లిపోయింది పిల్ల.

మర్నాడు పొద్దున వ్యాను మట్టిరోడ్డు మీద ఆగింది. అక్కణ్ణించి తోటకి సన్నటి కాలిబాటే. పాస్టరు, హెండ్రికా, కిజ్జా, నలోంగో దిగారు. మిగతా దొరలు గోడ దగ్గరే ఉండిపోయారు. హెండ్రికా ఓ చేత్తో పూలు పట్టుకుని, రెండో చేత్తో రాయి మూట లాగబోయింది. నాలుగడుగులు వెయ్యకుండానే ఆయాసపడి దించేసింది. పాస్టరు నలోంగో వైపు చూశాడు. ఆ చూపు చాలు. ఎండిన అరటినార చుట్టకుదురు తల మీద పెట్టుకుని వంగింది. పాస్టరూ కిజ్జా చెరోవైపు పట్టి రాయి ఎత్తి తల మీద పెట్టారు.

ఎత్తేటప్పుడు స్వెట్టరు తొలిగింది. నలోంగోకి ఆ మాత్రం అక్షరాలు వచ్చు. తెయోపిస్తా నబ్బోసా. దాని కింద రెండు ఏళ్లు. పుట్టిన ఏడు తప్పు. చనిపోయిన ఏడు మాత్రం సరిగ్గా హోమ్‌కి అవసరమైనదే, కిజ్జా అక్కడ చేరిన ఏడే. కవలలు పుట్టాక ఈ పేరుతో తనని పిలిచినవాళ్లు లేరు. తనే మరిచిపోయిన పేరు సముద్రం దాటి వచ్చి నెత్తికెక్కి కూచుంది. మెడ నరాలు బిగుసుకున్నాయి. నవ్వాలో ఏడవాలో తెలీని స్థితి అంటారే, అది అలా ఉంటుందని అప్పుడే తెలిసింది.

దారిలో ఆమె ఒక సంగతి గమనించింది. రెండు రోజుల కిందట వాన పడింది, నేల మెత్తగా ఉంది. ఇలాంటి పొద్దున పొలాల్లో జనం వంగి ఉండాలి. ఒక్క మనిషి లేడు. ఒక్క పార చప్పుడు లేదు. పారలన్నీ గోడలకి ఆనించి ఉన్నాయి.

నలోంగోకి సంగతి అర్థమైపోయింది. పాస్టరు కంపాలా పట్నంలో పెరిగిన మనిషి. మట్టి కుప్ప పోయించడం తెలిసింది కానీ, తెల్లారగట్ల అరటితోటలో ఇద్దరు మనుషులు మట్టి కొడితే మా ఊరు ఏమనుకుంటుందో తట్టలేదు ఆయనకి. మాలో చనిపోయినవాళ్లని సొంత తోటలోనే పూడుస్తారు. ఊళ్లో చావుంటే ఆ రోజు ఎవరూ మట్టిని తాకరు. పైగా ఆ అన్నదమ్ములకి నోరు మెదపొద్దని డబ్బిచ్చాడు. ఎవరో అడిగితే మాకు తెలీదన్నారట. అంతకంటే భయంకరమైన జవాబు ఇంకేముంది?

తోట మూల మట్టి కుప్ప తయారుగా ఉంది. పనివాళ్లు మరీ నిజాయితీగా చేశారు. పార వెనక్కి తిప్పి చదునుగా కొట్టారు. ఒక పక్క భర్త సమాధి, దాని పక్కన కవలల్లో బబిర్యే తరవాత పుట్టిన నకాటో చిన్న గట్టు. కవలలు చనిపోయారనం మేము, ఎగిరిపోయారంటాం. నకాటో మూడో నెలలోనే ఎగిరిపోయింది. ఆ రెండింటి పక్కన కొత్త మట్టి ఎర్రగా, మనిషి పొడుగునా ఉంది. సరిగ్గా నలోంగో పొడుగే కొలిచి పోసినట్టుంది.

హెండ్రికా పూలు గుండెకి ఆనించుకుని నిలబడింది. అప్పటికే ఏడుస్తోంది. పాస్టరు బైబిలు తెరిచాడు.

అప్పుడు వినపడింది ఏడుపు. అరటిచెట్ల అవతల్నించి ఆడవాళ్లు వస్తున్నారు. ముందు ఫెబియా ముసలమ్మ, నడుముకి గుడ్డ బిగించి, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని. వెనక ఇంకో పదిమంది. ఒకామె నెత్తిన కట్టెలు, ఎండినవి. ఒకామె భుజాన అరటిగెల. చావింటికి ఖాళీ చేతుల్తో ఎవరూ వెళ్లరు.

ఫెబియా నలోంగోని చూసి ఆగిపోయింది.

"నలోంగో! నువ్వున్నావా? నువ్వే అనుకున్నామే తల్లీ! మరి ఎవరు? కిజ్జానా?" అంతలో కిజ్జా కనపడింది. "ఇది ఇక్కడే ఉంది కదా! మరి బబిర్యేనా? పురిట్లో పోయిందా? చెప్పవే, నోరు పడిపోయిందా?"

"చప్పుడు చెయ్యకండమ్మా, ఇక్కడ ప్రార్థన జరుగుతోంది," అన్నాడు పాస్టరు.

ఫెబియా ఆయన మీదకి తిరిగింది. "ప్రార్థన తరవాత చేద్దువులే. మాకు చెప్పకుండా పూడుస్తారా? మేమేం పాపం చేశాం? ఈమె మొగుడు పోయిననాడు మూడు రాత్రులు ఈ వాకిట్లోనే పడుకున్నాం మేము. కుక్కని పాతినట్టు చీకట్లో పాతేస్తారా మనిషిని? ఎవరికి ఈ ప్రార్థన?"

"తెయోపిస్తాకి," అన్నాడు పాస్టరు, వేరే దారి లేక.

ఆడవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

"తెయోపిస్తా ఎవరే?"

"ఏమో, మనూళ్లో ఎవరూ లేరే ఆ పేరుగలవాళ్లు."

"పుట్టింటివైపు మనిషేమో పాపం."

హెండ్రికా పాస్టరు చెయ్యి పట్టుకుని ఏదో అంది. కిజ్జా మొహం కిందికి దించుకుంది. ఇన్నాళ్ల తరవాత కూడా ఊరంతా ఆమె కోసం ఇలా ఏడుస్తోందా, ఎంత మంచి తల్లి అయుండాలి అని దొరసాని మాటకి అర్థం. ఆ మాట తరవాత కిజ్జాయే మాకు చెప్పింది.

"రాయి దించు," పాస్టరు పళ్లు బిగించి నెమ్మదిగా అన్నాడు. "తలవైపు పెట్టు. పుట్టింటివైపు మనిషని చెప్పు వీళ్లకి. నేను చూసుకుంటా."

అదీ తేలికే. వాళ్లే జవాబు అందిస్తున్నారు. అవునంటే చాలు. వాళ్లు కూచుని ఏడుస్తారు, గెల దించుతారు, కట్టెలు దించుతారు, మధ్యాహ్నానికి వెళ్లిపోతారు. కిజ్జా బడికి వెళ్తుంది. నలోంగో నోరు తెరిచింది. అవుననబోయింది.

ఫెబియా దగ్గరికి వచ్చి పిడికిలి విప్పింది. నలిగి చెమట పట్టిన అయిదు వేల షిల్లింగుల నోటు. చావింటికి ఇచ్చే సొమ్ము. ఆ ముసలమ్మ ఇంట్లో మొన్నటినించి ఉప్పు లేదు, నలోంగో ఇంట్లోంచే అరువు పట్టుకెళ్లింది. ఆ నోటు ఎవరి కాళ్లు పట్టుకుని తెచ్చిందో.

"పట్టు తల్లీ. ఎవరైతేనేం, మనిషే కదా," అంది ఫెబియా.

నలోంగో నోటు తీసుకోలేదు. దొరల డబ్బుకి అబద్ధం చెప్పడానికి రెండేళ్లుగా మనసుని ఎలాగో నచ్చచెప్పుకుంది. ఈ అయిదు వేలకి నచ్చచెప్పుకోలేకపోయింది.

"దాచుకో పెద్దమ్మా," అంది. "ఇందులో ఎవరూ లేరు. మట్టే. దుంపలు కూడా లేవు. తెయోపిస్తా అంటే నేనే. నేను చచ్చిపోయానని వీళ్లకి చెప్పారు, ఈవిడ నాకు రాయి తెచ్చింది. నా రాయి నేనే మోసుకొచ్చా."

ఏడుపులన్నీ ఆగిపోయాయి. వెనక ఎవరో ఫక్కున నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఫెబియా నవ్వలేదు. కొత్త మట్టి వైపు చూసి, నడుముకి కట్టిన గుడ్డ గబగబా విప్పేసుకుంది, అది కాలుతున్నట్టు.

"నలోంగో, దించు రాయి," అన్నాడు పాస్టరు.

"దించను."

"పిల్ల సీటు..."

"తెలుసయ్యగారూ. దించను."

హెండ్రికా ఒకరి మొహం తరవాత ఒకరి మొహం చూస్తోంది. ఏమంటోందని పాస్టరుని అడిగింది. ఆయన చెమట తుడుచుకుని, ఈమెకి దుఃఖం ఎక్కువైంది, అక్క రాయి విడవలేకపోతోంది అని చెప్పాడు. హెండ్రికా తల ఊపింది కానీ, నవ్విన ఆడదాని వైపు చూసి, కిజ్జా వైపు తిరిగింది. నిజంగా అదేనా అన్నది ఆవిడ, నెమ్మదిగా, పిల్లకి అర్థమయ్యే మాటల్లో.

రెండు భాషలూ తెలిసినవాళ్లు అక్కడ ఇద్దరే. ఒకరు పాస్టరు, రెండోది కిజ్జా. నేర్పించిన ఇంగ్లీషు మాటలు పిల్ల నోట్లోనే ఉన్నాయి. నిన్నంతా వల్లె వేసింది. అంటే చాలు. అమ్మ చెప్పింది కూడా సర్దుకుపోతుంది, ముసలమ్మలకి ఇంగ్లీషు రాదు. కిజ్జా హెండ్రికా కళ్లలోకి చూసింది. తరవాత తల్లి మెడ చూసింది. బరువుకి నరాలు తాళ్లలా లేచి, సన్నగా వణుకుతున్నాయి.

పిల్ల ముందుకి వచ్చి రెండు చేతులూ పైకి చాపింది. నలోంగో మోకాళ్లు వంచింది. కిజ్జా రాయి అందుకుని పొట్టకి ఆనించుకుంది. బరువుకి వెనక్కి వంగిపోయింది.

"మంచి పిల్లవి. తలవైపు, అదిగో అటు," అన్నాడు పాస్టరు, ఊపిరి వదిలి.

కిజ్జా మట్టి కుప్ప దగ్గర ఆగలేదు. దాన్ని దాటింది, నాన్న సమాధి దాటింది, నకాటో గట్టు చుట్టి ఇంటి వెనక్కి నడిచింది. అడ్డదిడ్డంగా, కాళ్లు తడబడుతూ. స్నానాల దడి దగ్గర బురదలో రాయిని ధబాలున పడేసింది. ఎర్రనీళ్లు గౌను మీదికి చిమ్మాయి. రాయి వెల్లకిలా పడింది. పిల్ల వంగి, గోళ్లు దూర్చి ఎత్తి బోర్లించింది. అక్షరాలు బురదలోకి పోయాయి. పైకెక్కి రెండు కాళ్లతో తొక్కి చూసింది, కదులుతోందేమోనని.

తరవాత తలెత్తి అరిచింది, అందరికీ వినపడేలా.

"అమ్మా! రా, ఇక జారదు!"

అమ్మని మేము పిలిచే 'మామా' అన్న మాట మా భాషలోనూ హెండ్రికా భాషలోనూ ఇంచుమించు ఒక్కటే. పాస్టరు నోరు తెరిచాడు కానీ, తర్జుమా చెయ్యడానికి ఏమీ లేకపోయింది.

నలోంగో నడిచింది. తల మీద చుట్టకుదురు ఇంకా అలాగే ఉంది. రాయి ఎక్కి నిలబడింది. కిజ్జా డబ్బాతో నీళ్లు ముంచి తల్లి కాళ్ల మీద పోసింది. సగం నీళ్లు పక్కన పడుతున్నాయి. పది రోజుల్లో తెరిచే బడి సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

హెండ్రికా పూలు పట్టుకుని మట్టి కుప్ప దగ్గరే ఉంది. కుప్పని చూసింది, దడి వైపు చూసింది. పాస్టరు చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుంది. పూలు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని, తెల్ల బూట్లు బురదలో దిగబడుతుండగా వాళ్ల వైపు నడవసాగింది.